గౌను అంచు

శ్రావణి కూతురికి ఏ లోపమూ లేదని బడి తేల్చేసింది. అల్లరి చేసే పిల్లలే బడి కంట్లో పడతారు. కదలకుండా కూర్చునే ఆడపిల్లను మెచ్చుకుని వదిలేస్తారు.

ఆ సాయంత్రం మిరప కల్లం నుంచి రాగానే శ్రావణి కూతురు భవానికి స్నానం పోసింది. పొద్దంతా ఎండుమిరపలోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరిన చేతులు. సబ్బుతో ఎంత తోమినా మంట పోదు. పిల్ల తొడ మీద చెయ్యి వేసిందో లేదో, ఎర్రగా అరచేయంత బొబ్బ కనిపించింది. భవాని కుయ్యిమనలేదు.

"మిరప చేతులతోని పసిదాన్ని ముట్టుకుంటవానే? కండ్లు నెత్తికెక్కినయా?" అని అత్త పుల్లమ్మ వాకిట్లో నుంచే అరిచింది. మొగుడు జంపయ్య వచ్చి చూసి, "నువ్వు తల్లివేనా?" అన్నాడు. ఆ కాయలు అతని చేలోవే. కూలి అడగని కూలీ ఆమె. అయినా ఆ మాట నోటిదాకా రాలేదు, ఎందుకంటే తన చేతులే బిడ్డను కాల్చాయని ఆమె కూడా నమ్మింది. పిల్లను దగ్గరికి తీసుకోవడానికి భయపడి చేతులు వెనక్కి పెట్టుకుంది. భవాని విప్పిన బడి గౌనును వదలకుండా, అప్పటికే చిరుగుపట్టి ఉన్న అంచును రెండు వేళ్ళ మధ్య పెట్టి దారాలు లేచేదాకా నలుపుతూనే ఉంది. అది భవాని ఏడుపు. ఆ సంగతి ఇంట్లో శ్రావణికి తప్ప ఎవరికీ తెలియదు. "అన్నం తింటవా?" అని అడిగితే ఆ పిల్ల "తింటవా" అంటుంది. ఆకలైతే చెప్పదు. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుని గోడవైపు తిరుగుతుంది. "ఆడపిల్ల సప్పుడు చెయ్యకుంటే సంబురపడాలె గని" అనేది పుల్లమ్మ. శ్రావణి కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెనూ అట్లాగే మెచ్చుకుంది, మా కోడలికి నోరే లేదని ఊరంతా చెప్పుకుంది. ఆ మెప్పు నిలబెట్టుకోవడానికి ఎన్ని మాటలు మింగిందో శ్రావణికే తెలుసు.

మర్నాడు పిల్లను దింపడానికి బడికి వెళ్తే, మధ్యాహ్న భోజనం వండే రూప్లి ఎదురొచ్చింది. "పిల్ల కాలు ఎట్లున్నదక్కా? నిన్న సాంబారు గిన్నె ఒరిగి మీద పడ్డది. నేనే తుడిచిన. ఒక్క మాటనలే, పాపం."

శ్రావణి తన చేతుల వంక చూసుకుంది. తరగతిలోకి నడిచింది.

సాంబారు సంగతి అడిగితే ఉదయశ్రీ టీచర్ నవ్వింది. "గంత ఓర్పు నేను పెద్దోళ్ళల్ల గూడ చూడలే శ్రావణీ. వేరే పిల్లలైతే బడిని నెత్తిన పెట్టుకుందురు. ఈసారి వార్షికోత్సవంల క్రమశిక్షణ ప్రైజు మీ పాపకే."

"పాపకు ఆటిజం ఉన్నదేమో, పరీక్షకు పంపమని పోయినేడు నుంచి అడుగుతున్న మేడం."

"ఆటిజమా? గా పిల్లలు కొడతరు, కొరుకుతరు, ఒక్కకాడ నిలవరు. మాకు ట్రైనింగ్‌ల చూపెట్టిండ్రు. నీ బిడ్డ బంగారం. లేనిపోనిది రాయిస్తే రేపు పెండ్లి ఎట్లయితది?"

"నొప్పి పుడితే చెప్పుడు రాదు మేడం దానికి."

"చెప్పలేదంటే ఓర్చుకున్నట్టే గద."

"ఓర్చుకోలే. ఏడ్చింది." పిల్ల వదలకపోతే పొద్దున సంచిలో పెట్టుకొచ్చిన నిన్నటి బడి గౌనును శ్రావణి తీసి బల్ల మీద పెట్టింది. అంచు పీలికలై ఉంది. "నిన్న మీ ముంగట్నే ఏడ్చింది. మీకు సప్పుడు ఇనవడితేనే ఏడుపు. కాలుతుంటే ఊకున్నందుకు నా బిడ్డకు ప్రైజా? వద్దు మేడం. ఇంకెవలకన్న ఇయ్యండి."

శ్రావణి భవానిని వెంటబెట్టుకుని ఇంటికి తిరిగొచ్చింది. ఆమె కంటే ముందే కబురు చేరింది.

"బిడ్డ పిచ్చిదని బడిల చాటొచ్చినవట?" జంపయ్య గడపలోనే అడిగాడు.

"పిచ్చిదనలే. కాలింది సాంబారుతోని. నా చేతులతోని కాదు."

అని ఆగింది. 'అయ్యో, నిన్న నిన్ను ఉత్తపుణ్యానికి తిట్టిననే' అంటాడేమోనని చూసింది. అతను చెప్పులు వెతుక్కున్నాడు.

"ఖమ్మం దవాఖానకు తీస్కపోత దీన్ని" అంది.

"పో. ఏమన్న చెయ్. ఈ ముచ్చట ఇగ నా ముంగట తియ్యకు. నువ్వడిగినా, ఎవ్వలడిగినా, సచ్చేదాక నేను దీని గురించి మాట్లాడ."

తలుపు ధడేలుమంది. భవాని చెవులు మూసుకుంది.

మొండి మనిషి. అన్న మాట మీద నిలబడతాడు. శ్రావణి పిల్ల బట్టలు సంచిలో పెట్టుకుంది. ఇక తాను అనుమతి అడగాల్సిన వాళ్ళలో ఒకరు తగ్గారు.