గుమ్మం మీది మడ్‌ఫ్లాప్

చక్రం కింది నుంచి ఎగిరే రాయి. స్రవ్యకు అన్నిటికన్నా భయం అదే. మొగుడు సాగర్ కంకర టిప్పర్ నడుపుతాడు. అతనికేమన్నా అవుతుందని కాదు ఆమె దిగులు. అతని బండి వెనక వచ్చేవాళ్ల మొహాన రాయి తగులుతుందేమోనని. బిడ్డను స్కూటీ ముందర నిలబెట్టుకుని పురానాపూల్ దాటుతుంటే ఒకసారి ముందు లారీ చక్రం విసిరిన గులకరాయి హెడ్‌లైట్ పగలగొట్టింది. ఇంకాస్త పైకి వస్తే బిడ్డ నుదురే. అప్పటినుంచి ఏ లారీ కనిపించినా ఆమె కళ్లు మొదట వెనక చక్రాల దగ్గరికే పోతాయి. అక్కడ మడ్‌ఫ్లాపులు, ఆ నల్ల రబ్బరు పలకలు, వేలాడుతున్నాయా లేదా అని.

సాగర్ బండికి లేవు. కంకర కుప్ప మీదికి రివర్స్ చేసినప్పుడు చక్రం కింద పడి చిరిగిపోయాయి.

"బండి సేఠ్‌ది కద, ఆయన్నే అడుగరాదు?"

"అడిగిన. ఫిట్‌నెస్‌కు ఆర్టీవో ఆఫీసుకు పోయేనాడు షెడ్డులున్న జత కడదాం, వచ్చినంక ఇప్పుదాం అంటడు. అన్ని బండ్లకు గదొక్కటే జత."

"ఫిట్‌నెస్ నాడొక్కనాడే ఎగుర్తయా రాళ్లు?"

"నన్నడుగుతవేందే? గాయననే అడుగు పో."

ఆమె పోరు పడలేక చివరికి సాగరే ఒక జత కొనుక్కొచ్చాడు. రెండింటి మీదా ఎర్ర నాలుక చాచిన రాకాసి మొహం. అదే సమయానికి బిడ్డకు జ్వరం తగిలింది. మందులు వేస్తే తగ్గడం, మళ్లీ రావడం. స్రవ్య కంటి మీద కునుకు లేదు.

"దిష్టే తగిలిందే పోరికి," అంది అత్త రుక్మిణమ్మ. "గీ మొహం మస్తుగుంది. ఒకటి గుమ్మానికి కొట్టు."

వాదించే ఓపిక స్రవ్యకు లేదు. తానే స్టూలెక్కి మేకులు కొట్టింది. "జరం తగ్గంగనే తీసిస్త," అంది. సాగర్ మిగిలినదాన్ని ఎడమ చక్రాల వెనక బిగించుకుని పోయాడు.

జ్వరం తగ్గింది. అక్కడే వచ్చింది చిక్కు. తీస్తే మళ్లీ వస్తుందేమో! ఇవాళ కాదు రేపు అనుకుంటూనే ఉంది. రాకాసి గుమ్మం మీదే ఉండిపోయింది.

ఒక సాయంత్రం సాగర్ వచ్చి చెప్పులైనా విప్పకుండా గడపలో కూలబడ్డాడు.

"ఏమైంది?"

"పురానాపూల్ కాడ... నీలం స్కూటర్ మీద పాల డబ్బాలాయన. అద్దంల చూసిన. రాయి తగిలినట్టుంది, కన్ను పట్టుకొని పక్కకు ఆపిండు."

"నువ్వు ఆగలే?"

"ఎనుక ఒకటే హారన్లు. ఆపెటందుకు జాగేడిది? తిప్పుకొని వచ్చేటాళ్లకు లేడు."

"ఏ దిక్కు చక్రం?"

అతను గుమ్మం వైపు తలెత్తి చూసి, కళ్లు దించుకున్నాడు. "కుడి దిక్కు."

స్రవ్య లోపలికి పోయింది. స్టూలు తెచ్చుకుంది.

"ఒసేయ్, మళ్ల జరమొస్తే?" అని లేచింది రుక్మిణమ్మ.

"వస్తే దవాఖానకు తీస్కపోత అత్తమ్మా. గాయనింట్ల గూడ పిల్లలుంటరు."

ముసలామె గొణుగుతూనే ఉంది. గొణుగుతూనే వచ్చి, ఊగుతున్న స్టూలును రెండు చేతులా పట్టుకుంది.

మర్నాడు సాగర్ కుడివైపూ బిగించాడు. స్రవ్య బిడ్డను చంకనేసుకుని పాలవాళ్లుండే గౌలిపుర గల్లీలన్నీ తిరిగింది. "పాల స్కూటర్ లేనోడు ఈడ ఎవడున్నడమ్మా?" అని నవ్వారు. బిడ్డ బరువుకు నడుము పట్టేసింది. ఆయన దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. గుమ్మం మీది మేకుల చిల్లులను చూస్తే ఆమెకు అన్నం సయించదు.

మీరు అటు పోతే కాస్త చూడండి. నీలం స్కూటర్, రెండు పక్కలా పాల డబ్బాలు. కన్ను బాగుందా అని ఆయన్ని ఒక్కసారి అడగండి. ఎవరు అడగమన్నారంటే, ఆ టిప్పర్ సాగర్ భార్య అని చెప్పండి, పరవాలేదు.