ఒత్తు లేని సంతకం

గోధుమరంగు అట్ట, రెండు చిల్లులు, వాటిలోంచి ఒక ఎర్ర తాడు. ఇంతే నేను. ఫైలు అంటారు. రాజధానిలో ఒక న్యాయశాఖ భవనంలో పుట్టాను. ఏ భవనమో చెప్పను, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను కదా.

అక్కడ న్యాయాన్ని అంతస్తులవారీగా పంచుకున్నారు. ఒక అంతస్తువాళ్లు చట్టాలు రాస్తారు. మరొక అంతస్తువాళ్లు వాటికి అర్థం చెబుతారు. ఇంకొకళ్లు జడ్జీల నియామకాల కాగితాలు చూస్తారు. పరాయి దేశంలో ఉన్న మనిషికి మన కోర్టు సమన్లు పంపడం మాత్రం కింది అంతస్తులో చివరి గది పని. నేను ఆ గది బిడ్డని. అసిస్టెంటు రాస్తే సెక్షన్ ఆఫీసరు చూడాలి, ఆయన చూశాక అండర్ సెక్రటరీ, ఆపైన డిప్యూటీ సెక్రటరీ. ఒక్కొక్కరూ ఒక సంతకం గీకి నన్ను పైకి తోస్తారు. దిగేటప్పుడూ అదే మెట్ల వరస.

నా కడుపులో పడ్డ కథ పారమ్మది. ఉత్తరాంధ్రలో ఓ పల్లె ఆమెది. భర్త సూరప్పడు వెల్డింగు పనికని పరాయి దేశం వెళ్లాడు. ఆరేళ్లుగా ఉత్తరం లేదు, ఫోను లేదు. కాపురానికి రప్పించమని ఆమె కోర్టులో దావా వేసింది. అతని పేర సమను, దానికి గుండుసూదితో గుచ్చిన పారమ్మ తెలుగు ఉత్తరం, ఈ రెండూ నాలో చేరాయి.

అండర్ సెక్రటరీ గారికి తెలుగు రాదు. ఉత్తరం పక్కన 'మాట్లాడండి' అని రాసి కిందికి పంపారు. ఆఫీసు భాషలో దాని అర్థం, ఫైలు పట్టుకొచ్చి నోటితో వివరించమని. అసిస్టెంటుకూ తెలుగు రాదు. వచ్చినవాళ్ల కోసం వెతికేలోపే అతనికి బదిలీ అయింది, వెనకే ఆ అధికారికీ అయింది. కొత్తాయన నన్ను తెరిచి, "మాట్లాడమన్నది నేను కాదుగా," అని మూసేశారు. మాట్లాడమని నా మీదే రాసి, రెండేళ్లు నన్ను బీరువా మీద నోరు కట్టేసి కూర్చోబెట్టారు. ఫ్యాను గాలికి ఆ ఉత్తరం అంచు కొట్టుకుంటుంటే ఎవరో పిలుస్తున్నట్టు ఉండేది.

అప్పుడు పైడితల్లి ఉద్యోగంలో చేరింది. వాళ్లింట్లో మొదట డిగ్రీ చదివిన పిల్ల. దుమ్ము దులిపి ఉత్తరం రెండుసార్లు చదివింది. నన్ను చంకన పెట్టుకుని నేరుగా అండర్ సెక్రటరీ గదికి నడిచింది.

"ఏమంటుందమ్మా ఈవిడ?"

"'ఆయన రాకపోయినా సరే, సమను అందుకున్నట్టు పెట్టే సంతకం ఒక్కసారి నాకు చూపించండి, బతికున్నాడని తెలిస్తే చాలు' అంటోంది సార్."

"ఇంతేనా?" అన్నారాయన.

ఇంతే. వారంలో సమను విమానం ఎక్కింది. నాలుగు నెలలకు రసీదు తిరిగొచ్చింది. అడుగున తెలుగులో సంతకం. అసలు రసీదు కోర్టుకు వెళ్లాలి, నకలు నాలో ఉండాలి. కోర్టు కబురు పల్లెకు చేరేసరికి ఎన్నాళ్లో. పైడితల్లి సెక్షన్ ఆఫీసరుని అడిగి, ఉత్తరం కింద ఉన్న నంబరుకు ఫోను చేసింది.

"పిన్నీ, సంతకం వచ్చింది."

"ఏటని ఎట్టేడమ్మా? సదువు."

"సూరపడు అని ఉంది. ప కింద ఒత్తు లేదు పిన్నీ. వేరేవాళ్లు పెట్టారేమోనని నా అనుమానం."

అటునుంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడు. "మా మావే తల్లీ! సంతకం నేర్పింది నానే. పలక మీద ఎన్నిపాల్లు దిద్దించినా ఆ ఒత్తు ఎట్టీవోడు కాడు. 'ఒత్తు నేపోతే నాను కాకపోతానేటే?' అనీవోడు." మెల్లగా అడిగింది: "వత్తాడంటావా?"

"ఆ సంగతి ఇందులో రాయలేదు పిన్నీ."

"పోన్లే."

నా మీద 'చర్య ముగిసింది' అని ముద్ర వేసి రికార్డు గదికి పంపారు. నాలో పాతిక ఆఫీసు సంతకాలున్నాయి. ఒక్కదానిలోనూ అక్షరం తప్పులేదు, ఒక్కదాని కోసమూ ఎవరూ ఎదురుచూడలేదు. ఒత్తు లేనిది ఒకటే.

సూరప్పడు ఇల్లు చేరాడో లేదో నాకు తెలియదు. చేరి ఉంటే ఆ కబురు రాసిన కాగితం నాలోనే కుట్టాలి. అందుకే తలుపు చప్పుడైనప్పుడల్లా, తాడు కాస్త వదులు చేసుకుని చూస్తుంటాను.