తెల్లచార

"తల్లి కాదది, రాక్షసి," అన్నాడు భర్త, గాజుపెట్టె మూత ఎత్తి పట్టుకుని.

ఆమె అప్పుడు బట్టలు ఆరేస్తోంది. తడి దుప్పటి భుజాన వేసుకునే వచ్చి తొంగి చూసింది. రాత్రి పెట్టెలో ఆరు ఎలుకపిల్లలు ఉండేవి, గులాబీ రంగులో, చిటికెనవేలి కొసంత. ఇప్పుడు రెండే ఉన్నాయి. అందులో ఒకటి సగమే ఉంది. తల్లి ఎలుక మూలకు నక్కి మూతి తుడుచుకుంటోంది.

"అలాంటి తల్లులూ ఉంటార్రా," అంది అత్తగారు వెనక నుంచి. అని ఊరుకోలేదు, కోడలి వైపు ఒక చూపు విసిరింది. ఇరవై ఆరేళ్లుగా విసురుతున్న చూపే. ఎక్కడ తగులుతుందో ఆవిడకు బాగా తెలుసు.

భర్త బీమా ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో మాత్రం శాస్త్రజ్ఞుడు. ఆ బిరుదు ఆమె మనసులోనే ఇచ్చుకుంది, పైకి ఎప్పుడూ అనలేదు. ఇదివరకు చేపలు పెంచాడు; నీళ్లు మార్చడం ఆమె పని. చేపలు చచ్చాక చిలుకలు తెచ్చాడు. రెట్టలు తుడవడం ఆమె పని. చదవడం, చెప్పడం, వచ్చినవాళ్లకు చూపించడం ఆయన పని. ఇప్పుడు తెల్ల ఎలుకలు. జత తెచ్చి, "వీటిని పెంచడం చంటిపిల్లాడికైనా వస్తుంది," అన్నాడు. అందుకే కాబోలు, ఆయనకు రాలేదు.

పిల్లలు పుట్టగానే పెట్టెను హాల్లోకి మోసుకొచ్చి టీవీ పక్కన పెట్టాడు. ఆఫీసు వాళ్లు వచ్చారు, ఎదురింటి వాళ్లు వచ్చారు. ఆమె కాఫీలు అందిస్తుంటే, ఆయన సెంటు పూసుకున్న చేతుల్తో పిల్లల్ని ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. తల్లి ఎలుక గాజు గోడల వెంట పిచ్చిదానిలా పరుగులు తీసింది. మగ ఎలుక అందులోనే ఉంది. కాన్పు అయి పూటైనా గడవకముందే అది మళ్లీ తల్లి మీదికి ఎక్కుతోంది. "చూశారా హుషారు!" అన్నాడు శాస్త్రజ్ఞుడు. మగవాళ్లందరూ నవ్వారు.

భుజం మీది తడి దుప్పటి నుంచి నీళ్లు కారుతున్నా ఆమె అక్కడే నిలబడిపోయింది. కూతురు పుట్టిన రోజులు కళ్లముందుకు వచ్చాయి. మంచం ఇదే హాల్లో వేశారు, వచ్చిపోయేవాళ్లకు వీలుగా ఉంటుందని. వీధి తలుపు తీసే ఉండేది. ఆడపడుచులు, వాళ్ల అత్తగార్లు, ఆయన స్నేహితులు. బిడ్డ చేతులు మారి మారి ఏడ్చేది. తన ఒడిలోకి వచ్చేసరికి అలిసిపోయి నిద్రపోయేది. పాలివ్వాలంటే గోడవైపు తిరగాలి. తిరిగితే, "మనుషులొస్తే మొహం తిప్పుకుంటుందేమిటి?" అనేవారు. పదో రోజుకల్లా లేచి వంటింట్లోకి వెళ్లింది. పాలు ఇంకిపోయాయి. "పాలు పడని తల్లి," అంది అత్తగారు సీసాలో డబ్బాపాలు కలుపుతూ, వినాల్సినవాళ్లందరికీ వినిపించేలా. ఆమె కూడా నమ్మింది. నమ్మి, ఆ కూతురికి ఏ చిన్న జ్వరం వచ్చినా తన ఒంటినే తిట్టుకుంది. ఆ పిల్లే ఇప్పుడు కడుపుతో ఉంది, ఏడో నెల. ఉద్యోగం వేరే ఊళ్లో. తొమ్మిదో నెల రాగానే కాన్పుకి ఇక్కడికే వస్తుంది.

"లాభం లేదు, బయట పారేసిరా," అన్నాడు భర్త. అప్పటికే ఆయనకు విసుగొచ్చేసింది.

ఆమె పారేయలేదు. తెల్లారేసరికి మిగిలిన ఒక్క పిల్లా లేకుండా పోయింది. రెడీమేడ్ బట్టల కొట్లో కొలతలు సరిచేసే దర్జీ ఆమె. మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి, ఎలుకలు కొన్న దుకాణానికి వెళ్లింది. దుకాణం నడిపే ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది.

"ఎంతమంది చూశారు?"

"లెక్కపెట్టలేదండీ."

"మరింకేం! బెదిరితే తినేస్తుందమ్మా. దాని తప్పేం లేదు. ఈపాటికి మళ్లీ కడుపుతో ఉండుంటుంది. ముందు ఆ మగదాన్ని తీసెయ్. చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచు. గూటికి మెత్తటి కాగితం పెట్టు. దారాలు పెట్టకు, పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. కాన్పయ్యాక నాలుగు రోజులు తిండీ నీళ్లూ పెట్టి తలుపేసుకుని వచ్చెయ్, అంతే."

ఇంటికొచ్చి మగ ఎలుకను వేరే పెట్టెలో వేసింది. "పాపం, ఒంటరిగాణ్ణి చేశావే," అని భర్త జాలిపడ్డాడు. పిల్లలన్నీ పోయిన ఆడదాని మీద ఆ జాలి లేదు. తల్లి ఎలుకను స్టోరు గదిలో పెట్టి, కిటికీకి పాత చీర కట్టి, తాళం వేసి చెవి బొడ్లో దోపుకుంది.

ఇరవయ్యో రోజున లోపల సన్నగా కిచకిచలు వినిపించాయి. మూత తీయకుండా నిగ్రహించుకోవడం ఆమెకు ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు. కాన్పయిన ఐదో రోజున తల్లి తిండికి లేచినప్పుడు కాగితాలు రవ్వంత పక్కకు జరిపింది. ఎనిమిది పిల్లలు. ఇంకా పలచగానే ఉన్న చర్మం లోంచి ప్రతి పొట్టలోనూ ఒక తెల్లచార కనిపిస్తోంది. పాలు. కడుపు నిండా తాగిన పాలు. అదే తల్లి, అదే ఒళ్లు. ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఇరవై ఆరేళ్లు ఆలస్యంగా.

పిల్లలు కళ్లు తెరిచాక శాస్త్రజ్ఞుడూ కళ్లు తెరిచాడు. ఫొటోలు తీశాడు. పెంపుడు జంతువుల సంఘం వాళ్లు పిలిస్తే, కొత్తవాళ్లు ఎలుకల్ని పెంచడం గురించి మాట్లాడటానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. పెట్టెలు మోయడానికి ఆమెను తీసుకెళ్లాడు.

"మగదాన్ని ఎప్పుడు వేరు చేయాలి సార్?" అని ఎవరో అడిగారు.

"అస్సలు చేయకూడదు," అన్నాడాయన. "కుటుంబం కలిసుంటేనే తల్లికి ధైర్యం. నా విజయ రహస్యం అదే."

చప్పట్లు కొట్టారు. మూడో వరసలో దుకాణం ఆవిడ పకపకా నవ్వింది. ఆమె మాత్రం భర్త మొహం శ్రద్ధగా చూసింది. ఆ గదికి తాళం ఉండేదన్న సంగతే ఆయన మరిచిపోయాడు. అబద్ధం చెబుతున్నానని కూడా తెలియని మనిషి మీద కోపం దండగ అనిపించింది. ఉన్న కాస్త కోపమూ పోయి, ఆ చోట నేల తుడిచే గుడ్డను చూస్తే కలిగే భావం లాంటిది మిగిలింది.

ఇల్లు చేరేసరికి అత్తగారు హాల్లో సోఫాలు జరిపిస్తోంది.

"మనవరాలికి మంచం ఇక్కడ వేయిద్దాం అమ్మాయ్. వచ్చేవాళ్లకు వీలుగా ఉంటుంది."

"మా ఆఫీసు వాళ్లనీ, సంఘం వాళ్లనీ అందర్నీ పిలవాలి," అన్నాడు భర్త చొక్కా గుండీలు విప్పుకుంటూ.

ఆమె పెట్టెలు కింద దించి, చేతులు కడుక్కుని, వాళ్లిద్దరి ముందే కూతురికి ఫోన్ చేసింది.

"నువ్వు ఇక్కడికి రావద్దమ్మా. నేనే వస్తున్నా. కొట్లో మూడు నెలలు సెలవు అడుగుతాను, ఇవ్వకపోతే మానేస్తాను."

"అమ్మా? ఏమైంది? నాన్న ఒప్పుకున్నారా?"

"అడగలేదు. నీ గదికి లోపల గడియ ఉందా?"

"ఉంది. ఎందుకమ్మా?"

"ఉంటే చాలు. ఎవరొచ్చినా తలుపు నువ్వు తీయొద్దు. తీయాలో వద్దో నేను చూసుకుంటాను."