తొమ్మిదో నంబరు సూది అభిప్రాయాలు

నేను ఒక ఊలు సూదిని. ఒక అన్నది మాటవరసకే. నాకు జోడు ఉంది, అది లేకుండా ఒక్క కుట్టు కూడా వెయ్యలేను. మా నంబరు తొమ్మిది. అల్యూమినియం ఒళ్ళు, తలమీద బఠాణీ గింజంత బుడిపె. ఏ ఊరి కార్ఖానాలో పుట్టామో గుర్తు లేదు. వాల్తేరు రైల్వే క్వార్టర్సులో నూకరత్నం చేతుల్లో పడ్డాకే నాకు లోకం తెలిసింది.

ఆవిడకు అల్లిక నేర్పింది ఎదురింటి బెంగాలీ ఆవిడ. రత్నం ఆమెను దీదీ అనేది. ఒక కుట్టు సీదా, ఒక కుట్టు ఉల్టా, అంతే చదువు అని చెప్పి మమ్మల్ని కూడా ఆవిడే ఇచ్చింది. విశాఖలో స్వెట్టరెందుకని మీరు అడగవచ్చు. రత్నం భర్త పైడిరాజు రైల్లో టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగి. కిరండూల్ ప్యాసింజరు సొరంగాలన్నీ దాటి అరకు చేరేసరికి కార్తీకమాసంలో పళ్ళు టకటకలాడతాయి. అందుకని ఏటా దసరా వెళ్ళగానే మాకు పని పడేది.

సరిగ్గా అప్పుడే ఆడవాళ్ళ పత్రికతో పాటు కొత్త డిజైన్ల పుస్తకం వచ్చేది. రత్నం, దీదీ గుమ్మంలో కూర్చుని పేజీ పేజీకీ తీర్పులు చెప్పేవారు. నన్నెవరూ అడగలేదు గానీ అభిప్రాయాలు నాకూ ఉన్నాయి. చలికి కప్పుకునే శాలువాకు అన్ని చిల్లులెందుకు? వేళ్ళు లేని చేతితొడుగులట. చలి వేసేదే వేళ్ళకు కదా. కుచ్చు టోపీ సంగతి చెప్పనే అక్కరలేదు. వందల కుట్లు మేము వేస్తే మెచ్చుకోలంతా పైనున్న కుచ్చుకే. జడల డిజైనయితే ఇంకా ఘోరం, మా ఇద్దరి మధ్యకు మూడో సూది వచ్చి పెత్తనం చేస్తుంది.

రత్నం మాత్రం ఏటా ఒక కొత్త రకం అల్లి, భర్తకు తొడిగి, ఎదురుగా నిలబడేది. పైడిరాజు అద్దంలో ఓసారి చూసుకుని "బాగుంది రత్నం" అనేవాడు. పన్నెండేళ్ళలో పన్నెండు స్వెట్టర్లకూ అదే మాట.

"ఏటి బాగుంది? రంగా, మెడా, డిజైనా?" అని ఆవిడ అడిగేది.

"అన్నీని" అనేసి రైలుకు టైమయిందని వెళ్ళిపోయేవాడు.

పదమూడో ఏడు రత్నానికి విసుగొచ్చింది. "ఈసారి కూడా ఆ మాటే అంటే సూదులు అటకెక్కించేస్తాను దీదీ. గోనెపట్టా కప్పినా బాగుందనే మనిషికి డిజైన్లెందుకు?" అంది. మా వెనకే వచ్చిన పన్నెండో నంబరు సూది ఇప్పుడు లంగాలకు నాడాలు ఎక్కిస్తోంది. నాకా గతి వద్దు.

గుమ్మం బయట బూట్లు విప్పుకుంటున్న పైడిరాజు కూడా ఆ మాట విన్నాడు. వారం తిరక్కుండా జేబులోంచి ఒక కాగితం తీసి భార్య చేతిలో పెట్టాడు. నిండా గళ్ళు, గళ్ళలో చుక్కలు.

"పదకొండో నంబరు సీటాయన వీపు మీదుంది ఈ డిజైను. చెట్లు. శివలింగపురం కాడ్నించి అరకు దాకా కుట్లు లెక్కెట్టుకున్నాను. ఆయన భయపడి రెండుసార్లు టిక్కెట్టు తీశాడు, పాపం."

రత్నం ఆ పూటే మొదలుపెట్టింది. పది వరసలయ్యాక మాకు సంగతి బోధపడింది. పైడిరాజు ఉత్తరం రాసినట్టు మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి రాసుకొచ్చాడు. మేమేమో ఆ మొదటి వరసతోనే కింది అంచు నుంచి పైకి అల్లుతున్నాం. చెట్లన్నీ తలకిందులుగా మొలుస్తున్నాయి.

రత్నం చెయ్యి ఆగింది. విప్పి సరిచేస్తే ఆయన బాగుందంటాడు, అది ఆవిడకు తెలుసు. సరిచెయ్యకపోతే ఏమంటాడో, అది తెలుసుకోవాలనిపించినట్టుంది. కాగితం మడిచి, అలాగే అల్లుకుంటూ పోయింది. నా బతుకు ఆ చెట్లతో పాటు తలకిందులుగా వేలాడింది.

స్వెట్టరు పూర్తయిన ఉదయం పైడిరాజు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. "బాగుం..." అంటూ ఆగాడు. అద్దానికి దగ్గరగా జరిగి పొట్ట చూసుకున్నాడు.

"బాగులేదు రత్నం. చెట్లు బోర్లాపడ్డాయి."

రత్నం ఇంకా చెప్పమన్నట్టు తలాడించింది. ఆయనకు ధైర్యం వచ్చింది. "నిరుటి జడలది వీపున గుచ్చుకునేది. ముందేటిది మెడ బిగుతు. మొట్టమొదట ఏ డిజైనూ లేకుండా బూడిదరంగుది అల్లావే, అది బాగుండేది."

రత్నం పమిట చెంగు నోట్లో కుక్కుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఈ మాట చెప్పడానికి పన్నెండేళ్ళా?"

"అంత కష్టపడి అల్లినదాన్ని పట్టుకుని బాగులేదని ఎలాగంటాను?"

ఆ మాటకు ఆవిడ నవ్వు ఆగింది. దగ్గరికెళ్ళి ఆయన కాలరు సర్దింది. నేను బతికిపోయాను.

ఆయన ఆ రోజు ఆ స్వెట్టరుతోనే డ్యూటీకెళ్ళాడు. బొర్రా దాటాక ఒకావిడ వెనకనుంచి పిలిచి, ఇలాంటి చెట్లు ఎక్కడా చూడలేదు, డిజైను రాసుకుంటానందట. పైడిరాజు అరకు వచ్చేదాకా ఆవిడకు వీపు చూపిస్తూ నడవలో కదలకుండా నిలబడ్డాడట.

ఇప్పుడాయన రిటైరయ్యాడు. నేను కొంచెం వంగాను, బిస్కట్ల డబ్బాలో కాపురం. దసరా వెళ్ళగానే మూత తెరుచుకుంటుంది. డిజైన్లు ఫోనులో వస్తున్నాయి. పైడిరాజు కళ్ళజోడు పెట్టుకుని ప్రతి వరసకూ వంక పెడతాడు. ఇక్కడ కుట్టు వదులంటాడు, ఈ రంగు వెలవెలబోయిందంటాడు.

"ఏవండీ, ఒక్కసారి బాగుందని అనకూడదా?" అంటుంది రత్నం.

"బాగుంటే అంటాను" అంటాడాయన. రత్నం ఆ వరస విప్పి, మమ్మల్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంటుంది.