అందని బంతి

భానుప్రసాద్ పైపుతో ఎర్రమట్టి తడుపుతున్నాడు. వేర్‌హౌస్‌లో డ్యూటీ దిగి నేరుగా క్రెయిగీబర్న్ బేస్‌బాల్ మైదానానికి వచ్చాడు. ఎవరో అప్పజెప్పిన పని కాదు. మట్టి ఎండితే బంతి అడ్డదిడ్డంగా లేచి మొహానికి తగులుతుంది.

మనిషి పొట్టి, మోకాలికి పట్టీ. మెడ వెనక చర్మం ఎండకు కమిలి నల్లబడింది. కుడిచేతి చిటికెన వేలు పక్కకు తిరిగి ఉంటుంది. తెనాలిలో క్రికెట్ ఆడిన చెయ్యి అది. బేస్‌బాల్‌కి వచ్చిన కొత్తలో ఎడమచేతికి గ్లవ్ ఉన్నా, బంతి వస్తే వట్టి కుడిచెయ్యే ముందుకు పోయేది. అలా వేలు విరిగింది. ఆ రోజు క్లబ్బువాళ్లే కట్టు కట్టించి, అద్దె గది దాకా దింపి, వచ్చే వారం మళ్లీ రమ్మన్నారు. చదువుకని ఈ దేశం వచ్చాక అతన్ని మళ్లీ రమ్మన్న మొదటి మనుషులు వాళ్లే.

అప్పటినుంచి ఇక్కడ షార్ట్‌స్టాప్ అతనే. రెండో బేసుకూ మూడో బేసుకూ మధ్య నిలబడి, నేలబారు బంతిని ఆపి మొదటి బేసుకు విసరాలి.

ఇన్నేళ్లకు క్లబ్బు ఫైనల్ చేరింది. రేపే ఆట. ఆ చోట భాను నిలబడాలా, పదిహేడేళ్ల అనన్య నిలబడాలా అన్నది ఇవాళ తేలాలి. క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తవాళ్లకు బంతులు కొట్టి చూసేది, ఆ చోట ఆడుతున్నవాళ్లే.

కోచ్ శివప్రసాద్ వరంగల్ మనిషి. వస్తూనే అన్నాడు, "ఏం భానన్నా, వరి ఏస్తున్నవా?"

"నాట్లకి నువ్వు దిగుతావనే."

భాను బ్యాటు అందుకున్నాడు. ఎదురుగా వచ్చినవి అనన్య తేలిగ్గా ఆపింది. తర్వాత మూడో బేసు వైపు దూరంగా కొట్టాడు. ఆమె పరుగెత్తి, ఒళ్లంతా వాల్చి చెయ్యి చాచింది. బంతి గ్లవ్ అంచుకు తగిలి జారిపోయింది. మరొకటి దొరికింది గానీ, తొందరలో మొదటి బేసు దాటిపోయేలా విసిరేసింది.

"సారీ అంకుల్. వన్ మోర్?"

"సారీ ఎందుకమ్మా. ముందు కాళ్లు సర్దుకో, ఆనక విసురు."

శివప్రసాద్ దగ్గరికొచ్చాడు. "చూస్తివా? నువ్వు ఈ సీజన్‌ల ఒక్కటి ఇడిశిపెట్టలే. రేపు నువ్వే ఆడాలె."

భాను బ్యాటు కింద పెట్టాడు.

"ఆ పిల్ల వదిలిన బంతి నాకైతే అసలు అందదు శివా. పక్కనుంచి పోతుంది. అందని బంతి వదిలేశాడని ఎవరంటారు?"

"ఫైనల్ అన్నా. దీనికోసమే గదా ఇన్నేండ్లు ఆడితివి."

"అందుకే చెబుతున్నా. ఆ పిల్లని నిలబెట్టు."

"రేపు ఏడిస్తే నాకు తెల్వది."

"ఏడిస్తే మట్టి తడుస్తుందిలే."

భాను అనన్యను పిలిచి, నేల ఎక్కడ కాస్త పల్లంగా ఉందో కాలితో చూపించాడు. ఆమె అక్కడ నిలబడి, నడుం వంచి చూసుకుంది. "థాంక్స్ అంకుల్" అంది. భానుకీ ఒకప్పుడు ఎవరో ఇలాగే చూపించారు. వాళ్లకి థాంక్స్ చెప్పిన గుర్తు లేదు. ఇప్పుడు చెప్పినట్టయింది.

బెంచీ మీద కూర్చుని మోకాలి పట్టీ విప్పి కంచెకు తగిలించాడు. కారెక్కి వెళ్లిపోయాడు.

గాలికి పట్టీ మెల్లగా ఊగుతోంది. చెమట ఆరిపోయినా, అది ఇంకా వంగిన మోకాలి ఆకారంలోనే ఉంది.