ఒక్క క్లిక్కు

బొమ్మల సినిమా తీసే తమ్ముడు గదిలోకి అడుగుపెట్టే ముందు చేసే పనులు ఏళ్ల తరబడి ఒకటే. నల్ల చొక్కా తొడుక్కునేవాడు. తెల్లదైతే వెలుగు దాని మీద పడి బొమ్మ మీదకి చిందుతుంది. కిటికీకి అంటించిన నల్ల కాగితం అంచులు తడిమి చూసేవాడు. కెమెరాలో ఏదీ దానంతటది మారకుండా బిగించేవాడు. చెక్కబొమ్మని వెంట్రుకవాసి జరిపి, నేల మీద సుద్దతో గీసిన పాదాల గుర్తుల్లో నిలబడి, ఒక ఫొటో. మళ్లీ జరిపి, మళ్లీ అక్కడే నిలబడి, ఇంకోటి. అలాంటివి పన్నెండైతే తెర మీద ఒక్క సెకను. అందులో ఒక్కదానికి వెలుగు ఎక్కువో తక్కువో పడిందా, బొమ్మ మొహం టపటపా కొట్టుకుంటుంది. చూసేవాళ్లకి కథ పోయి కళ్లనొప్పి మిగులుతుంది.

వాళ్ల వీధి కరెంటు తమ్ముడి ప్రాణానికి వచ్చింది. ఒక్క క్షణం కుదురుగా ఉండదు. ముసలి బొమ్మ మెట్లెక్కే చివరి షాటుని నిర్మాత తిప్పి పంపాడు. "ఇంకోసారి ఇలా కొట్టుకుందంటే వేరేవాళ్లని చూసుకుంటా" అన్నాడు. ఈ పని తప్ప తమ్ముడికి ఇంకో పని రాదు. అందుకని బల్బులు తీసేసి అక్కని కూర్చోబెట్టాడు.

అక్క వెలుగుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ అంతే. పక్కింటి దర్జీకి సూది జారిపోతే "ఒక్క నిమిషం రామ్మా" అని పిలిచేవాడు, దొరికాక మంచినీళ్లయినా ఇచ్చేవాడు కాదు. అమ్మ పోయాక తమ్ముడు ఆమె వెలుగులోనే చదువుకున్నాడు. చేసుకుంటానని వచ్చిన ఒకాయన "మరి నాకు నిద్రెలా పడుతుందండీ?" అనడిగి, వచ్చిన దారినే పోయాడట. ఆ మాట చెప్పి ఆమే పడీపడీ నవ్వేది. నవ్వినప్పుడు వెలుగు పాలపొంగులా లేచేది.

చిక్కంతా అక్కడే వచ్చింది. రెండో రోజు ముసలి బొమ్మ ముక్కు ఊడి గడ్డానికి అతుక్కుంటే అక్క ఫక్కున నవ్వింది. పొద్దుట్నుంచీ చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

"అక్కా, నీకు దండం పెడతాను. నవ్వకు, ఏడవకు, ఏమీ ఆలోచించకు. బల్బులా కూర్చో."

"బల్బుకి కడుపులో నొప్పెట్టదురా" అంది అక్క.

"నొప్పెట్టినా వణక్కు. ఈ ఒక్క షాటు."

అక్క మర్నాటి నుంచి నిజంగానే బల్బులా కూర్చుంది.

నాలుగో రోజు వెలుగుని కొలిచే మీటరు ముల్లు కాస్త దిగింది. పని నేర్పిన గురువు మొట్టమొదట చెప్పిన మాట ఒకటుంది: వెలుగు తగ్గితే దీపాన్ని చూసుకో, షాటు మధ్యలో కెమెరాని ముట్టుకోకు. కానీ దీపాన్ని చూసుకోవడమంటే ఇక్కడ అక్కని ఏమైందని అడగాలి. అడిగితే ఆమె చెబుతుంది, చెబితే వెలుగు కదులుతుంది, ఇంకో రోజు పోతుంది. కెమెరా కన్ను ఇంకొంచెం సేపు తెరుచుకునేలా చక్రాన్ని తిప్పితే చాలు, ఒక్క క్లిక్కు. తిప్పాడు. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూశాడు. తేడా లేదు. తన భుజం తనే తట్టుకున్నాడు.

తర్వాత రోజుకో క్లిక్కు అలవాటైపోయింది. పన్నెండో రోజుకి తొమ్మిది క్లిక్కులయ్యాయి. షాటు మాత్రం అద్దంలా వచ్చింది. ఇంకా నలభై ఫొటోలుండగా అక్క స్టూలు మీంచి లేవలేకపోయింది.

డాక్టరు ఇంటికొచ్చి ఆమె పొట్ట నొక్కి చూశాడు. "ఈ వెలుగు ఎప్పట్నుంచి తగ్గుతోంది?"

"తగ్గలేదండీ" అన్నాడు తమ్ముడు. కావాలంటే చూడమని ఫొటోలు తెచ్చాడు. "ఇది మొదటి రోజుది, ఇది ఇవాళ్టిది. ఒకటే కదా?"

డాక్టరు కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఒకటే. మరి కింద ఈ అంకెలేంటి? ఇక్కడ అర సెకను, ఇక్కడ నాలుగు సెకన్లు?"

తమ్ముడు చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో ఆగి ఆ అంకెల్ని తనే మళ్లీ చదువుకున్నాడు.

"అంటే ఎనిమిదో వంతుకి పడిపోయింది" అన్నాడు డాక్టరు. "పడిపోతుంటే మీరు రోజూ కనపడకుండా సర్దారు. లోపల పుండు ఎప్పుడో చిట్లింది. నాలుగో రోజు పిలిచుంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి. ఇప్పుడు ఎక్కడికి తీసుకెళ్లినా దారిలోనే పోతుంది."

"వాణ్ణేం అనకండి డాక్టరు గారూ" అంది అక్క. "పనిలో ఉన్నాడు."

డాక్టరు వెళ్లేసరికి పొద్దు గూకుతోంది. తమ్ముడు మంచం పక్కన కూలబడ్డాడు. పన్నెండు రోజులు ఆమెకి మూడడుగుల దూరంలో ఉండి ఒక్కసారి కూడా మొహంలోకి చూడలేదని అప్పుడు తెలిసొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఇంకా ఎన్ని ఉన్నాయిరా?"

"అయిపోయాయక్కా."

"నిజంగా?"

"నిజం."

"అయితే ఇక కదలొచ్చా?"

తమ్ముడు తలూపాడు. అక్క రెండు చేతులా పొట్ట పట్టుకుని ముడుచుకుపోయింది. పన్నెండు రోజులుగా దాచుకున్న మూలుగు మూలిగింది, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. వెలుగు గోడల మీద ఎగిసింది, పడింది, వణికింది. తర్వాత ఆగిపోయింది.

అక్క పడుకునే ఆ గదిలో స్విచ్చి ఎక్కడుందో తమ్ముడికి తెలియదు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అవసరం పడలేదు. గోడ వెంబడి చాలాసేపు తడుముతూనే ఉన్నాడు.