ఒక్క చిల్లు కూడా పడనివ్వను

మా ఆయనతో వచ్చిన చిక్కేమిటంటే, ఆయన దేన్నీ కంటితో చూసి ఊరుకోరు, కొలుస్తారు. పెళ్లయిన కొత్తలో నాకు చెప్పులు కొనడానికి తీసుకెళ్లి, షాపువాడి పాదాల కొలబద్ద తప్పని నిరూపించి వచ్చారు. చెప్పులు మాత్రం రాలేదు. ఫ్రిజ్ కొన్నప్పుడు గుమ్మం, మెట్ల మలుపుతోపాటు దాన్ని మోసుకొచ్చిన ఇద్దరి భుజాల వెడల్పు కూడా కొలిచారు. పాపం, ఆయన్ని అని లాభం లేదు. ఇనుప గేట్లు, కిటికీ గ్రిల్సు చేసే షెడ్డు నడుపుతారు. నడుముకి బెల్టు లేకపోయినా టేపు ఉంటుంది.

నా డ్రమ్ము విషయంలోనూ మొదట దిగింది ఆ టేపే.

కాలేజీ రోజుల్లో నేను పరేడు బ్యాండులో స్నేర్ డ్రమ్ము వాయించేదాన్ని. కింది చర్మానికి సన్నటి తీగలు ఆనుకుని ఉండి, దెబ్బ పడగానే 'దబ్' అనకుండా 'టర్ర్' అంటుందే, అది. డిగ్రీ ఆఖరి ఏడు కాలేజీ కొత్త డ్రమ్ములు కొంది. పాతవి తుక్కులోకి పోతుంటే మా బ్యాండు టీచరు ఒకటి లాగి నా చేతిలో పెట్టి, "ఇది నీ మాట తప్ప ఎవరి మాటా వినదు, తీసుకుపో" అంది. అప్పటికే అది వయసులో నాకన్నా పెద్దది. మొదట పుట్టింటి అటక మీద, తర్వాత మా ఇంటి అటక మీద, ఇరవై ఎనిమిదేళ్లు పాత దుప్పటిలో పడుకుంది.

మొన్నామధ్య మా బ్యాండు లీడరు ఫోన్ చేసింది. ఇప్పుడు ఏదో ఆఫీసులో పెద్ద హోదాలో ఉంది, గొంతు మాత్రం ఇంకా ఈలలాగే ఉంటుంది. పాత విద్యార్థినులందరం కాలేజీ మైదానంలో మళ్లీ బ్యాండు వాయించాలట. మూడు వారాల్లో. నేను వెనకా ముందూ చూడకుండా ఊ అనేసి, అటక ఎక్కాను.

డ్రమ్ము చుట్టూ ఎనిమిది లోహపు ముక్కలుంటాయి. లగ్గులంటారు. పైనుంచి దిగే పొడుగు బోల్టులు వీటిలో బిగిస్తేనే చర్మం బిగుస్తుంది. నా డ్రమ్ముకి రెండు లగ్గులు బీటలిచ్చి ఊడిపోయాయి. బిగించకుండానే కొట్టి చూశాను. జలుబు చేసినవాడు ముక్కుతో మాట్లాడినట్టుంది.

"ఇంతేనా? జరుగు," అన్నారు మా ఆయన. ఒక్కో లగ్గుకీ చెక్క మీద ఒకదాని కింద ఒకటి రెండు చిల్లులు. ఆయన టేపు లాగి, ఒక కన్ను మూసి, "యాభై మిల్లీమీటర్లు. రాసుకో" అన్నారు. రాసుకున్నాను. ఆ కొలతకి కొత్త లగ్గులు రెండు తెప్పించాను. వారానికి వచ్చాయి. పై చిల్లులో మర దిగింది. కింది చిల్లు దగ్గరకొచ్చేసరికి మరకి ఎదురుగా చెక్క కనిపించింది.

మా ఆయన లగ్గు వైపు చూడలేదు, టేపు వైపు చూడలేదు. డ్రమ్ము వైపు మాత్రం కోపంగా చూశారు.

"చెక్క కదా. ఇన్నేళ్లకి కుంచించుకుపోయింది."

"ఎనిమిది చోట్లా సమానంగానా?"

"మంచి చెక్క అలాగే కుంచించుకుంటుంది."

"మరి మిగతా ఆరు లగ్గులూ బాగానే పట్టుకున్నాయి కదండీ?"

"అవీ దాంతోపాటే కుంచించుకున్నాయి."

మంచం మీద బట్టలు మడతపెడుతున్న మా అత్తయ్య తలెత్తకుండా, "ఇనుము కూడానట్రా?" అంది.

"నువ్వూరుకోమ్మా," అని, ఆయన నా వైపు తిరిగి, "చిన్న పని. ఆరు మిల్లీమీటర్లు కిందికి కొత్త చిల్లు పెడితే సరి. రేపు డ్రిల్లు తెస్తాను" అన్నారు.

"ఒక్క చిల్లు కూడా పడనివ్వను."

"ఏం, నొప్పెడుతుందా దానికి?"

"పాత చిల్లుని ఆనుకుని కొత్తది పెడితే రెండూ కలిసి చీలిక అవుతుంది. ఇది మీ కిటికీ గ్రిల్లు కాదు, అతుకు వేసి రంగు కొట్టడానికి."

ఆయనకి మాట తగిలింది. నేను స్నానానికెళ్లిన సమయం చూసి మా లీడరుకి ఫోన్ చేసి, పెద్దమనిషిలా పరిస్థితి వివరించారు: చెక్క కుంచించుకుపోయింది, ఇది స్వయంగా కొలిచి చెబుతున్నమాట, నమ్ముకోవద్దు. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి లీడరు లైనులోనే ఉంది.

"నీకు వాయించడానికి ఇత్తడి తాళాలు రాసేశానే. ఆ జత ఎప్పటికీ పాడవదు."

"నేను వస్తే డ్రమ్ముతోనే వస్తాను."

"నడకంతా డ్రమ్ము మీదే ఉంటుంది. మధ్యలో ఊడిందంటే ముప్ఫైమందీ ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటారు. శనివారం సాయంత్రం జాబితా ఖాయం చేస్తాను. ఆలోగా అయితే అయినట్టు, లేదంటే తాళాలు."

అంటే నాలుగు రోజులు.

మర్నాడు ఆయన నిజంగానే డ్రిల్లు తెచ్చి డ్రమ్ము పక్కన పెట్టారు. డ్రిల్లు మూతి బిగించడానికి చిన్న తాళంచెవి ఉంటుంది, అది లేకపోతే చిల్లు పెట్టే పుల్ల నిలవదు. కాసేపటికి ఇల్లంతా వెతుకులాట మొదలైంది.

"తాళం చూశావా?"

"చూశాను."

"ఎక్కడ?"

"చూసినప్పుడు డ్రిల్లుకే ఉంది."

బట్టల సబ్బుపొడి డబ్బాలో ఆయన జన్మలో చెయ్యి పెట్టరు. ఆ ధైర్యం నాకుంది. అత్తయ్య నా చేతికంటుకున్న తెల్లపొడి చూసింది, చూడనట్టు ఊరుకుంది.

అసలు అంకెలతో పని లేకుండా చూద్దామనిపించింది. బీరువా అరల్లో పరిచే పల్చటి కాగితం ఒకటి తీసి డ్రమ్ము చెక్క మీద పరిచి, చిల్లుల మీద పెన్సిల్ పక్కగా రుద్దాను. రెండు గుండ్రాలు తేలాయి. శనివారం పొద్దున ఆ కాగితం సంచిలో పెట్టి, డ్రమ్ము చంకనెత్తుకుని, పాత బజారులో వాద్యాలు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి బయల్దేరాను. "ఊరికే, తోడు" అంటూ మా ఆయన స్కూటరు తీశారు. టేపు నడుముకే ఉంది.

దుకాణం అంటే రెండు గోడల మధ్య సందు. పైన గొలుసులకి వేలాడే, చర్మాలు తీసేసిన డ్రమ్ముల పెంకులు, కింద తుప్పు, జిగురు, నూనె వాసన. ముక్కు చివర కళ్లద్దాలతో మేస్త్రీ బల్ల దగ్గర కూర్చున్నాడు. నా డ్రమ్ము అందుకుని చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టాడు.

"పెంకు గట్టిగా ఉందమ్మా. ఎవరూ చిల్లులు పెట్టలేదు, అదృష్టం."

నేను మా ఆయన వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి కొంత కష్టపడ్డాను.

మేస్త్రీ నా కాగితం బల్ల మీద పరిచి, రేకు డబ్బా బోర్లించి, అందులోని పాత లగ్గులు ఒక్కొక్కటీ కాగితం మీద పెట్టి చూడసాగాడు. మా ఆయన ఆగలేకపోయారు.

"యాభైది తియ్యండి. అన్నీ పెట్టి చూడక్కర్లేదు."

"నలభై నాలుగు సార్ ఇది," అన్నాడు మేస్త్రీ స్కేలు పెట్టి.

"యాభై." టేపు సర్రున బయటికొచ్చింది. "చూడండి. యాభై."

మేస్త్రీ వంగి, టేపు మీద ఆయన బొటనవేలు ఎక్కడుందో చూశాడు.

"సార్ ఏం పని చేస్తారు?"

"గ్రిల్సు."

"అదీ సంగతి. పై చిల్లు పై అంచు నుంచి కింది చిల్లు కింది అంచు దాకా పట్టారు."

"బయట నుంచి బయటికి. కొలతంటే అంతేగా?"

"గ్రిల్లుకి అంతే సార్. చిల్లులకి నడిమి నుంచి నడిమికి పట్టాలి. ఒక్కో చిల్లూ ఆరు మిల్లీమీటర్లు. పైన సగం, కింద సగం మీకు ఎక్కువొచ్చింది."

టేపు దానంతటదే లోపలికి పోయింది. నేనేమీ అనలేదు. పాతికేళ్ల కాపురంలో ఏమీ అనకుండా ఇంత సుఖపడింది అప్పుడే.

డబ్బాలో సరిపోయింది ఒకటే దొరికింది. రెండోదానికి మేస్త్రీ నిచ్చెనెక్కి, పగిలిపోయిన ఓ డ్రమ్ము నుంచి విప్పి తెచ్చాడు. మిగతావి కోలగా ఉంటే అది కాస్త గుండ్రంగా, మెరుగు పోయి ఉంది. "అందానికి తేడా వస్తుందమ్మా," అన్నాడు. "నా మొహానికీ ఇరవై ఎనిమిదేళ్ల తేడా వచ్చింది, పెట్టండి," అన్నాను. మరలు పాత చిల్లుల్లోకి అడ్డు చెప్పకుండా దిగాయి. బోల్టులు రెండూ పట్టుకున్నాయి. ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ చుట్టూ తిరిగాడు.

కర్రలు నా చేతికిచ్చాడు. మణికట్లు మొరాయించాయి కానీ, నాలుగో వరుసకి దారిలో పడ్డాయి. ఎదురు కొట్లోంచి ఒకాయన బయటికొచ్చి చూశాడు. ఇంకా గట్టిగా కొట్టాను.

అక్కణ్ణుంచే లీడరుకి ఫోన్ చేసి స్పీకరులో పెట్టాను.

"విన్నావా? జాబితాలో తాళాలు కొట్టెయ్, డ్రమ్ము రాయి."

"శబ్దం బాగానే ఉందే. కానీ ఎంతసేపు నిలుస్తుంది? చెక్క కుంచించుకుపోయిందని మీ ఆయన కొలిచి మరీ చెప్పారు. ఆయనకి తెలీదా? కొలతల పనిలోనే ఉన్న మనిషి. నువ్వు మొండిదానివి, నీ మాట మీద ముప్ఫైమందిని నడిపించలేను."

"నా మాట మీద వద్దు. ఆయన్నే అడుగు," అని ఫోను ఆయన ముందు పెట్టాను.

మా ఆయన ఫోను వైపు చూశారు. మేస్త్రీ వైపు చూశారు. మేస్త్రీ కళ్లద్దాలు తుడుచుకోవడంలో పడ్డాడు. ఎదురు కొట్టు ఆయన ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.

"హలో? అన్నయ్యగారూ? చెక్క సంగతేంటి?"

ఆయన గొంతు సవరించుకున్నారు.

"చెక్కకేం కాలేదమ్మా," అన్నారు. ఆ వెంటనే, ఈసారి వీధి వరకూ వినపడేలా, "డ్రమ్ము రాయండి. తప్పు నాదే, నేనే తప్పు కొలిచాను" అన్నారు.